మీ తాతగారి ప్లేట్లకు ధర కట్టే ముందు

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. తాతగారు పోయాక అటక మీది నుంచి రెండు ట్రంకు పెట్టెలు దిగాయి. వాటిలో నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డులు, అంటే 78 ప్లేట్లు, నూటనలభై దాకా ఉన్నాయి. ఎక్కువసేపు పాడే పెద్ద ప్లాస్టిక్కు ప్లేట్లు, అంటే ఎల్.పి.లు, అరవై, వాటికన్నా చిన్నవైన ఈ.పి.లు గుప్పెడు ఉన్నాయి. మీ బావగారు "యూట్యూబులో అన్నీ ఉన్నాయి, పాత సామాన్లవాడికి వేసెయ్యండి" అన్నారు. పక్కింటాయన "ఒక్కొక్కటి లక్ష పలుకుతుంది, తొందరపడవద్దు" అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి, వీటిలో విలువైనవి ఏవి, నా సొంత సేకరణలో నాకు ఇష్టమైనవి ఏవి అని మీ ప్రశ్నలు.

ఇద్దరి మాటా నమ్మకండి. మీ బావగారు ఆ ప్లేట్లను వినలేదు, పక్కింటాయన ఎన్నడూ ఒక ప్లేటు అమ్మలేదు. నేను నలభై ఏళ్లుగా ప్లేట్లు పోగుచేస్తున్నాను. అందులో పాతికేళ్లు రికార్డు ప్లేయర్లు బాగుచేసి పొట్టపోసుకున్నాను కాబట్టి, ఇలాంటి పెట్టెలు ఎన్నో నా బల్ల మీదికి వచ్చాయి. లక్ష రూపాయల ప్లేటు వాటిలో ఒక్కటి కూడా లేదు. అయితే పాత సామాన్లవాడికి వేయదగిన పెట్టె కూడా ఒక్కటీ లేదు.

ముందు ధర సంగతి చూద్దాం, ఎందుకంటే అందరూ తిరగేసి అనుకునేది అక్కడే. జనం బాగా మెచ్చిన రికార్డుకు ఎక్కువ ధర ఉంటుందని అనుకుంటారు. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం 1963లో హెచ్.ఎం.వి. కంపెనీ ఎల్.పి.గా వచ్చింది. దాని మీద వచ్చే రాయల్టీని ఆవిడ తిరుమల తిరుపతి దేవస్థానాల వేదపాఠశాలకు రాసిచ్చేశారు. తెలుగునాట రికార్డు ప్లేయరున్న ఇంట్లో ఆ ఎల్.పి. లేకపోవడమే వింత. మీ అరవై ఎల్.పి.లలో కూడా అది ఉండే ఉంటుంది, బహుశా రెండు ప్రతులు. దాన్ని అమ్మకానికి తీసుకెళ్తే కొనేవాడు ముఖం చిట్లిస్తాడు, అలాంటివి అతని దగ్గర అప్పటికే పది పడి ఉంటాయి. ఘంటసాల గారి భగవద్గీతదీ అదే కథ. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. ఆ గీత ఆయన చివరి రోజుల్లో పాడినది. ఊరూరా, గుడిగుడికీ చేరింది. ఇప్పుడైతే చావు ఇంట్లోనూ అదే మోగుతుంది, అది వేరే సంగతి. ఆ పాటకు విలువ లేదని ఎవరంటారు? కానీ ఆ ప్లేటుకు ధర లేదు.

అప్పట్లో ఎవరూ కొనని ప్లేటు సంగతి వేరు. ఏ జిల్లా నాదస్వర విద్వాంసుడో మద్రాసు వెళ్లి రెండు వైపులా వాయించి వచ్చి ఉంటాడు. కంపెనీ కొద్ది ప్రతులే అచ్చులో నొక్కి ఉంటుంది, అవీ సరిగా అమ్ముడుపోయి ఉండవు. ఈనాడు దాని ప్రతి మీ తాతగారి పెట్టెలో ఒకటి, ఇంకెక్కడో మరొకటి మిగిలి ఉండవచ్చు. అది నిజంగా అపురూపం. దాని కోసం వెతుకుతున్నవాళ్లు దేశం మొత్తం మీద పదిమంది ఉంటారేమో, ఆ పదిమందిలో డబ్బున్నవాళ్లు ఇద్దరు ఉంటే గొప్ప. అంటే అపురూపమైనంత మాత్రాన ధర పలకదు. అడిగేవాడు కూడా ఉండాలి. ఎక్కువమంది ఎగబడేది ఇళయరాజా 1980ల నాటి ఎల్.పి.ల మీద, రాహుల్ దేవ్ బర్మన్ హిందీ సినిమాల మీద. అవి బాగున్న స్థితిలో దొరికితే మీకు కాస్త డబ్బు వచ్చేది వాటితోనే. 1986లో వచ్చిన ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్', 1988 నాటి 'నథింగ్ బట్ విండ్' కనబడితే పక్కన పెట్టుకోండి. సినిమాతో సంబంధం లేని ఆ రెండింటినీ ఇప్పటి పిల్లలు కూడా అడుగుతున్నారు.

స్థితి అన్నాను కదా, ఆ మాటకే సగం ధర. ఎల్.పి.ని కిటికీ దగ్గర వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. నల్లగా, అద్దంలా మెరిస్తే మంచిది. బూడిద రంగు తిరిగి ఉంటే, బరువైన ముల్లుతో వందల సార్లు ఆడించారని అర్థం. ఎంత కడిగినా ఆ అరుగుదల పోదు. అట్ట కవరు చిరగకుండా, చెదలు తినకుండా ఉండాలి, లోపలి కాగితం సంచి కూడా ఉంటే ఇంకా మేలు. బంగారంలా కాపాడుకున్న ఎల్.పి.కి కవరు మీద ఎవరో నీలం సిరాతో "చి. సౌ. ఫలానాకు పెళ్లి కానుక" అని రాసి ఉంటే సేకరించేవాళ్లు ధర తగ్గిస్తారు. నేనైతే అలాంటివే ముందు కొంటాను. నా మాట పక్కన పెట్టండి, నేను వ్యాపారానికి పనికిరానివాణ్ని.

ఇక అసలు సరుకు, 78 ప్లేట్లు. వీటిని ఎల్.పి.లలా చూడకండి. ఇవి ప్లాస్టిక్కు కాదు, లక్క. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కే. దానిలో మెత్తగా నూరిన రాతిపొడి, నల్లరంగు కోసం మసి కలిపి, వేడి మీద అచ్చులో నొక్కితే ప్లేటు తయారయ్యేది. ఏటికొప్పాక బొమ్మల మీద నునుపు తేలేదీ, మీ తాతగారి పెట్టెలో పాట నిలిచి ఉన్నదీ ఒకే పదార్థంలో. అందుకే అది గాజులా పగులుతుంది, ఎండలో వంగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, స్పిరిట్టు తగిలితే కరుగుతుంది.

ఈ చివరి ముక్క నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. 1988లో ఆబిడ్స్ ఆదివారం బజారులో కాలిబాట మీద సాలూరు రాజేశ్వరరావు గారు, రావు బాలసరస్వతీదేవి గారు కలిసి పాడిన ఒక లలితగీతం ప్లేటు దొరికింది. ఐదు రూపాయలు. ఇంటికి తెచ్చి, టేప్ రికార్డరు హెడ్డు తుడిచే స్పిరిట్టుతోనే దీన్నీ తుడిచేశాను. దూదికి నల్లగా అంటుకుంటుంటే మురికి పోతోందని సంతోషించాను. పోతున్నది మురికి కాదు, పాట. ఇప్పటికీ ఆ ప్లేటు నా దగ్గరే ఉంది, ఒక వైపు వర్షం కురిసినట్టు వినబడుతుంది. మీరు 78లను గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, మెత్తని బట్టతో గాడి వెంటే గుండ్రంగా తుడవండి. మధ్య కాగితం లేబులు తడవనివ్వకండి. వెంటనే పొడి బట్టతో ఒత్తి, నిలబెట్టి ఆరబెట్టండి. ఎల్.పి.లకు మాత్రం నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్టు పనికివస్తుంది.

నిలబెట్టి అన్నాను. ప్లేట్లను పడుకోబెట్టి దొంతరగా పేర్చితే అడుగువి పగులుతాయి, ఎల్.పి.లైతే వంకరపోతాయి. మళ్లీ ఆ అటక మీదికి మాత్రం ఎక్కించకండి. మన మే నెల ఎండకు రేకుల కింద అటక పొయ్యితో సమానం.

ఆడించడం గురించి ఒక్క హెచ్చరిక. మీ ఇంట్లో కీ ఇచ్చే పెట్టె గ్రామఫోను ఉంటే, దాని మీద 78లు మాత్రమే ఆడించాలి, ప్రతి వైపుకూ కొత్త ఉక్కు పిన్ను వేయాలి. పాతరోజుల్లో రెండేసి వందల పిన్నులు చిన్న రేకు డబ్బాల్లో వచ్చేవి అందుకే. ఒకే పిన్నుతో పది ప్లేట్లు ఆడించిన ఇళ్లలోనే "అరిగిపోయిన గ్రామఫోను రికార్డు" అనే మాట పుట్టిందని నా అనుమానం. పొరపాటున ఎల్.పి.ని దాని మీద పెట్టారంటే ఒక్కసారికే పాట ఖతం. తిరగేసి చూస్తే, ఇప్పటి ప్లేయరులోని ఎల్.పి. ముల్లుతో 78 ఆడించకూడదు. 78 గాడికి సుమారు 75 మైక్రాన్ల మొన కావాలి, ఎల్.పి. మొన పాతిక మైక్రాన్లలోపే. సన్నని మొన ఆ వెడల్పు గాడి అడుగున దొర్లుతూ దుమ్మునే వినిపిస్తుంది. ఒక పెద్దమనిషి అలా వినే, తన తండ్రి ప్లేట్లన్నీ పాడైపోయాయని చెప్పి నాకు చవకగా ఇచ్చేశారు. సరైన ముల్లు వేశాక వాటిలో సగానికి పైగా నిక్షేపంగా పాడాయి. ఆయనకు ఫోను చేసి చెప్పాను, తిరిగి ఇస్తానన్నాను. ఆయన వద్దన్నారు, ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చి వింటున్నారు.

ఏ ప్లేటు ఎప్పటిదో పోల్చుకోవడానికి లేబులు చదవడం నేర్చుకోవాలి. కుక్క బొమ్మ ఉంటే హెచ్.ఎం.వి., జంట స్వరాల గుర్తు ఉంటే కొలంబియా, గుమ్మటం ఉన్న భవనం ఉంటే ఓడియన్. ట్విన్ అని ఉంటే అది హెచ్.ఎం.వి. వాళ్లే చవక ధరకు అమ్మిన రకం. మద్రాసులో నొక్కించి అమ్మిన హచిన్స్ వంటి పేర్లు కనబడితే కాస్త నిటారుగా కూర్చోండి, అవి 1930ల నాటివి. ఓడియన్ ప్లేట్లను దక్షిణాదిలో అమ్మినది మద్రాసు సరస్వతీ స్టోర్స్. తరవాత ఏ.వి.ఎం. స్టూడియో కట్టిన మెయ్యప్ప చెట్టియార్ గారు ఆ సంస్థ భాగస్వాముల్లో ఒకరు. ప్లేటుకు ఒకే వైపు గాడి ఉండి, రెండో వైపు నున్నగా ఉంటే మరీ పాతది. మన దేశంలో 1902లో గాయని గౌహర్ జాన్ గారి వంటివాళ్లతో రికార్డింగులు మొదలైనప్పుడు ఇక్కడ ప్లేట్లు నొక్కే కర్మాగారం లేదు. మైనపు అచ్చులను జర్మనీలోని హానోవర్‌కు పంపి, ప్లేట్లు చేయించి తెప్పించేవారు. కలకత్తాలో కర్మాగారం 1908లో వచ్చింది. ఆ తొలి రోజుల గాయనీగాయకులు పాట చివర తమ పేరు తామే గట్టిగా చెప్పుకునేవారు, అక్కడి జర్మన్లకు ఏ ప్లేటు ఎవరిదో తెలియాలి కదా. మీ పెట్టెలో ఏ ప్లేటైనా పాట ముగిశాక పేరు చెప్పుకుంటే, దాన్ని పరుపు మీద పెట్టి నాకు రాయండి.

కానీ నేను మొదట వెతికేది అంత పాతవాటి కోసం కాదు, పద్యాల కోసం. మీ తాతగారిది ఏ ఊరో మీరు రాయలేదు. కోస్తా అయినా, రాయలసీమ అయినా, తెలంగాణ అయినా ఆ తరం మనిషి పెట్టెలో నాటకం పద్యాలు లేకుండా ఉండవు. స్థానం నరసింహారావు గారి సత్యభామ, కపిలవాయి రామనాథశాస్త్రి గారి గొంతు, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ పద్యాలు, హరిశ్చంద్రలో కాటిసీను. వీటిని మనవాళ్లు ప్లేట్ల మీద ఎంతగా కొన్నారంటే, పూర్తి నాటకాలనే వరుస ప్లేట్లుగా చేసి, అట్టల పుస్తకంలాంటి సంచుల్లో పెట్టి అమ్మేవారు. ఫొటోల పుస్తకంలా ఉండేది కనుక దాన్ని ఆల్బమ్ అన్నారు. ఈనాడు ఫోనులో పాటల వరుసను కూడా ఆల్బమ్ అని పిలుస్తున్న మనం పిలుస్తున్నది ఆ అట్టల సంచినే.

పద్యం ప్లేటులో ఒక చిక్కు ఉంది, అదే నాకు దానిలోని రుచి కూడా. పది అంగుళాల ప్లేటు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. రంగస్థలం మీద అదే నటుడు అదే పద్యాన్ని పావుగంట పాడేవాడు. చివరి పాదం చివరి అక్షరం మీద రాగం తీస్తూ ఉంటే జనం "వన్స్ మోర్" అని కేకలు వేసేవారు, ఆయన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు. మా నాన్నగారు ఆ రాత్రుల గురించి చెబుతుంటే నాకు అసూయగా ఉండేది. ప్లేటు మీద అది లేదు. రికార్డింగు గదిలో నిలబడి, గడియారం చూపిస్తున్న ఇంజనీరు ఎదురుగా, మూడు నిమిషాల్లో పద్యం ముగించాలి. అందువల్ల వాళ్లు ఏం వదిలారు, ఏం ఉంచుకున్నారు అన్నది వినబడుతుంది. రాగంలో ఏ సంచారం లేకపోతే తనది కాదనుకున్నాడో ఆ నటుడు, దాన్నే ఉంచుకున్నాడు. నాటకం చూసినవాడికి ఆ ప్లేటు ఎండిన పువ్వు. నాటకం చూడని నాకు మాత్రం అత్తరు చుక్క. ఈ విషయంలో మా నాన్నగారితో ఆయన ఉన్నంతకాలం వాదించాను, గెలవలేదు.

సినిమా పాటల ప్లేట్లలో కూడా జనం గమనించని సంగతి ఒకటి ఉంది. "సినిమా యూట్యూబులో ఉంది, పాట ఉంది, ఇంక ప్లేటు ఎందుకు" అని మీ బావగారి వాదం కదా. పాతరోజుల్లో సినిమాకు పాడిన పాటను ప్లేటు కోసం మళ్లీ విడిగా పాడించడం మామూలు. వాద్యాలు మారేవి, చరణం తగ్గేది లేదా కలిసేది, అప్పుడప్పుడు గొంతే మారేది. తెర మీద పాడిన నటి ఒకరు, ప్లేటు మీద పాడిన గాయని మరొకరు. పైగా 1930లలో వచ్చిన మన టాకీల్లో చాలావాటి ప్రింట్లు ఇప్పుడు లేవు. ఆ చిత్రాల్లో కొన్నిటికి మిగిలింది పాటల పుస్తకం, ఒకటో రెండో ప్లేట్లు. అలాంటిది మీ పెట్టెలో ఉంటే, అది ఆ సినిమా నుంచి ఈ భూమి మీద మిగిలిన శబ్దం. పాత సామాన్లవాడు దాన్ని కిలోల లెక్కన తూస్తాడు.

యూట్యూబు మీద నాకు కోపం లేదు, రోజూ వింటాను. కానీ అక్కడ ఉన్న పాత పాటల్లో చాలా వరకు ఎవరో అరిగిన క్యాసెట్టు నుంచి ఎక్కించినవి, ఆ క్యాసెట్టు ఇంకో క్యాసెట్టు నుంచి దిగినది. వేగం సరిగా ఉండదు. 78 అని పేరే గాని పాత ప్లేట్లు 76 నుంచి 80 దాకా రకరకాల వేగాలతో చేశారు. 78లో తిరగవలసిన ప్లేటును 80లో తిప్పితే శ్రుతి దాదాపు అరస్వరంలో సగం పైకి పోతుంది. మామూలు చెవికి తెలియదు, కానీ గొంతు వయసు తగ్గినట్టు, పాట తొందరపడుతున్నట్టు ఉంటుంది. ఎల్.పి. శబ్దం సీడీ కన్నా గొప్పది అనే వాదంలోకి మాత్రం నన్ను లాగకండి. 1980ల నాటి మన ఎల్.పి.లు కొన్ని ఎంత పలచగా, ఎంత గరగరలాడుతూ ఉంటాయో ముల్లు మార్చి మార్చి విసిగిన నాకు తెలుసు. మంచి మాస్టరు టేపు నుంచి జాగ్రత్తగా చేసిన సీడీ వాటిని తలదన్నుతుంది. నా పట్టుదల అంతా ఇంకెక్కడా లేని శబ్దం గురించే.

నాకు ఇష్టమైనవి అడిగారు. ఇల్లు కాలిపోతుంటే ఏవి పట్టుకుని పరుగెత్తుతానో అవే చెబుతాను. మొదటిది స్పిరిట్టుతో నేను చెడగొట్టుకున్న ఆ రాజేశ్వరరావు, బాలసరస్వతుల ప్లేటు. తరవాత దానికి మంచి ప్రతి దొరికింది, అయినా తీసుకెళ్లేది పాతదే. సినిమాతో సంబంధం లేని లలితగీతం తెలుగులో అంత నాజూకుగా, ఊపిరి వినబడేంత దగ్గరగా మరి రాలేదని నా గట్టి నమ్మకం. కరుణశ్రీ పద్యాలకు ఘంటసాల గారు గొంతు ఇచ్చిన పుష్పవిలాపం రెండోది. భగవద్గీత కన్నా అదే ఎక్కువ ఇష్టమంటే మా ఇంట్లో ఇప్పటికీ చీవాట్లు పెడతారు. గీతలో ఆయన గురువులా వివరిస్తారు, పుష్పవిలాపంలో ముద్దాయిలా వణుకుతారు. ద్వారం వేంకటస్వామినాయుడు గారి వయొలిన్ ప్లేటు ఒకటి. మూడు నిమిషాల కృతిలో ఆయన కమాను ఎక్కడా తొందరపడదు. కంపెనీ గడియారాన్ని ఖాతరు చేయని విద్వాంసుణ్ని ఆయనొక్కణ్నే విన్నాను. చిట్టిబాబు గారి వీణ ఎల్.పి. ఒకటి, 'కొమ్మలో కోయిల' అనే వాయింపు ఉన్నది. పండితులు అది చమత్కారమని కొట్టిపారేస్తారు. కాకినాడలో పుట్టిన మనిషి వీణ తీగ మీద కోయిలను కూర్చోబెడితే అది చమత్కారం కాక ఏమిటి? చమత్కారమే, కాని కోయిల కూడా అక్కడే ఉంది. సుప్రభాతం కూడా పట్టుకెళ్తాను. ధర లేదని పైన చెప్పానని మరచిపోకండి, అందుకే మరో పది ప్రతులు కొనుక్కోవచ్చు. కానీ మా అమ్మ వేలి పసుపు మరక ఉన్నది ఆ ఒక్క ప్రతికే.

అమ్మాలనే మీ నిర్ణయమైతే తప్పేమీ లేదు, అందరి ఇళ్లలోనూ చోటు ఉండదు. మొత్తం పెట్టెను ఒకే ధరకు అడిగేవాడికి ఇవ్వకండి. హైదరాబాదులో ఒక వ్యాపారి నా కళ్లెదుటే ఒక ముసలావిడ దగ్గర పెట్టె మొత్తం కొని, దానిలోంచి నాలుగు ఇళయరాజా ఎల్.పి.లు తీసుకుని, మిగిలిన 78లు వాకిట్లోనే వదిలి వెళ్లాడు. వాటిలో మూడు పద్యాల ప్లేట్లు మరునాటి వానకు తడిసి లేబుళ్లు ఊడిపోయాయి. ఎవరు పాడారో చెప్పే కాగితం పోయాక ఆ గొంతులు అనాథలయ్యాయి. నేను ఇంకా ఆ మూడింటిని పోల్చుకునే ప్రయత్నంలోనే ఉన్నాను. ఒకటి మాత్రం తెలిసింది.

ఇంకో మోసం కొనేవైపు ఉంది. ఈ పెట్టెలు దిగగానే మీకు గ్రామఫోను కొనాలనిపిస్తుంది. తళతళలాడే ఇత్తడి కొమ్ము, కుక్క బొమ్మ బిళ్ల, కొత్త చెక్క పెట్టె కలిసి కనబడితే ఆమడ దూరం నడవండి. విడి భాగాలు అతికించి ముంబయి, ఢిల్లీ బజార్లలో అమ్మే నకిలీలు అవి. వాటి ముల్లు మోపే బరువు మీ ప్లేట్లను చెక్కేస్తుంది. కొమ్ము లేని పాత పెట్టె గ్రామఫోను అందంగా ఉండదు, కానీ పాడుతుంది. అది కూడా దొరకకపోతే, మూడు వేగాల టర్న్‌టేబుల్ కొని 78కి వేరే ముల్లు తెప్పించుకోండి.

ప్లేట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మీ అబ్బాయి చేస్తానన్నాడని రాశారు. చాలా మంచిది. రెండే షరతులు. ఒకటి, మొదటిసారి ఎక్కించినప్పుడు గరగర తీసేసే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. ఉన్నది ఉన్నట్టు, 24 బిట్‌లో, కుదించని ఫైలుగా దాచుకోవాలి. శుభ్రం చేయడం దాని నకలు మీద చేసుకోవచ్చు. గరగరతో పాటు తంబురా కూడా కొట్టుకుపోయిన పాటలు నేను ఎన్నో విన్నాను. రెండు, ఎల్.పి.కి వాడే ఆర్.ఐ.ఏ.ఏ. సర్దుబాటు, అంటే ఆడించేటప్పుడు బాస్, ట్రెబుల్ పాళ్లు సరిచేసే కొలత, 1954 నాటికి గాని స్థిరపడలేదు. అంతకు ముందరి ప్లేట్లకు అదే పెడితే బాస్ ఎక్కువై గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా అని కూడా అడిగారు. మన చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు అది వెలువడిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. కానీ పాట రాసినవారు, స్వరం కట్టినవారు పోయాక కూడా 60 ఏళ్లు వారి హక్కు విడిగా నడుస్తుంది. 1930ల నాటి ప్లేటు అయినా కవి 1990లో పోయి ఉంటే ఆగవలసిందే. సొంతానికి వినడానికి దాచుకునేందుకు ఎవరూ అడ్డురారు.

అమ్మకుండా, ఇంట్లో ఉంచుకోకుండా మూడో దారి ఒకటి ఉంది. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారు తన జీవితమంతా వేలకొద్దీ 78 ప్లేట్లు సేకరించి, ప్రతి ప్లేటు వెనక కథను రాసుకుంటూ వచ్చారు. ముంబయిలో 1990 నుంచి భారతీయ రికార్డు సేకర్తల సంఘం ఒకటి పనిచేస్తోంది. నాటక పద్యాలు, నాదస్వరం, హరికథలు వంటివి అలాంటివారికి ముందు చూపించండి. వాళ్లు డబ్బు తక్కువ ఇస్తారు, లేదా ఇవ్వరు. కానీ లేబులు మీది నంబరు చూసి, "అమ్మా, ఇది ఇంతవరకు మాకు దొరకలేదు" అని ఫోనులో ఎగిరి గంతేస్తారు. ఆ గంతు విన్నాక మీరు డబ్బు మాట మరచిపోతారని అనను. అమ్మాలో వద్దో అప్పుడు తేల్చుకోండి.

ప్రస్తుతానికి ఒక్క పని చేయండి. ప్రతి ప్లేటు లేబులునూ రెండు వైపులా ఫోనుతో ఫొటో తీయండి. లేబులుకు, గాడికి మధ్య ఖాళీ జాగాలో గీసిన సన్నని అంకెలు కూడా కనబడాలి, పగిలినవాటికి సైతం. పగిలినవి పారేయకండి, ముక్కలన్నీ ఉంటే ఒకసారి అతికించి ఎక్కించవచ్చు. 78లకే రెండువందల ఎనభై ఫొటోలు కాబట్టి రెండు ఆదివారాలు పడుతుంది. పంపితే ఏది ఏమిటో వరుసగా రాసి పెడతాను. నేను పంపమన్నది అందులో పద్యాలు ఉంటాయనే ఆశతోనే, అది దాచడం దేనికి.